ఆబిడ్స్ తాజ్‌మహల్ హోటల్: శనివారం మధ్యాహ్నం భోజనం

ఆబిడ్స్ తాజ్‌మహల్ హోటల్ గురించి హైదరాబాద్ వాళ్లకు కొత్తగా చెప్పాల్సింది పెద్దగా లేదు. 1948 నాటి హోటల్, పూర్తి శాకాహారం. ఇడ్లీ, దోసె, కాఫీల గురించి చాలామంది రాశారు. నేను భోజనం గురించి, దాని కోసం వచ్చేవాళ్ల గురించి రాస్తాను.

శనివారం మధ్యాహ్నం వెళ్తే టేబుల్ కోసం కాసేపు నిలబడాల్సి రావచ్చు. పక్కన నిలబడ్డవాళ్లతో మాట కలిపితే చాలావరకు మా ఇంటి లాంటి ఇళ్ల వాళ్లే తగులుతారు. ఆదివారం పొద్దున్నే మటన్ షాపు ముందు నిలబడేవాళ్లు, శనివారం వెంకటేశ్వరస్వామి వారమని ముక్క ముట్టనివాళ్లు. మా అత్తయ్యకు శనివారంతో పాటు సోమవారం కూడా ఉంది. మా ఆయనకు బాబా గురువారం. కార్తీకమాసం వస్తే నెలంతా ఇంట్లో కోడిగుడ్డు కూడా ఉండదు. మా మరిది అయ్యప్ప మాల వేసుకుంటే ఆ 41 రోజులూ ఇంటి వంటే, ఏ హోటల్ పేరూ ఎత్తకూడదు.

నేను బేగంబజార్‌లో ఒక హోల్‌సేల్ దుకాణంలో అకౌంట్స్ చూస్తాను. మా సేఠ్‌జీ వాళ్లు రాజస్థాన్ నుంచి వచ్చిన జైనులు. ఊరి నుంచి వచ్చే వాళ్ల చుట్టాలు నన్ను ఎప్పుడూ ఒకటే అడుగుతారు, "మీరు హిందువులే కదా, మాంసం ఎలా తింటారు?" అని. వాళ్లు పెరిగిన చోట చుట్టూ అందరూ తిననివాళ్లే కాబట్టి ఆ అనుమానం రావడం సహజమే. జనాభా లెక్కలు చూసే రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం 2014లో చేయించిన సర్వే ప్రకారం రాజస్థాన్‌లో 15 ఏళ్లు, ఆపైన వయసున్నవాళ్లలో దాదాపు 75 శాతం శాకాహారులు. అదే సర్వేలో తెలంగాణలో మాంసాహారులు 98 శాతం పైమాటే. దేశం మొత్తం తీసుకున్నా తినేవాళ్లు 70 శాతం పైనే. అలాంటప్పుడు "ఇండియా అంటే శాకాహారుల దేశం" అని ఎవరైనా తేలిగ్గా అనేస్తే నాకు బాధేస్తుంది. మా అమ్మ వండే తలకాయ కూర, ఊళ్లో బోనాలకు కోసే కోడి, ఇవన్నీ ఏ దేశానివి మరి?

అలాగని తెలంగాణలో 98 శాతం మంది రోజూ మాంసమే తింటారనుకోవడం కూడా తప్పు. అమెరికా పరిశోధన సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ 2021లో ఇచ్చిన రిపోర్టులో దేశంలో తాము శాకాహారులమని చెప్పుకున్న పెద్దవాళ్లు 39 శాతం. అసలు మాంసమే తిననివాళ్లనూ, కొన్ని రకాలు మానేసినవాళ్లనూ, కొన్ని రోజులు తిననివాళ్లనూ కలిపితే 81 శాతం. మా ఇల్లు ఆ చివరి రకం. ఈ ఊళ్లో శాకాహార హోటళ్లు నిండేది ఎక్కువగా మా బోటివాళ్ల వల్లేనని నా గట్టి నమ్మకం.

అందుకే ఇక్కడి భోజనం అంటే నాకు గౌరవం. మాంసం రుచి తెలిసిన మనిషి ముందు కూరగాయలు పెట్టి తృప్తిగా లేపడం కష్టమైన పని. ఐటీ ఆఫీసుల వైపు ఒక పెద్ద రెస్టారెంట్‌కి శనివారం వెళ్లాం. అక్కడ వెజ్ అంటే పనీర్ ఒక్కటే, అన్ని గిన్నెల్లోనూ అదే ఎర్ర గ్రేవీ. తిననివాళ్లకు ఏదో ఒకటి పెడితే చాలన్నట్టుంది. తాజ్‌లో అలా అనిపించదు. పప్పు పప్పులాగే ఉంటుంది, వేపుడులో కూర ముక్క తెలుస్తుంది, చారు అన్నంలోకే కాకుండా విడిగా తాగడానికీ బాగుంటుంది. మా ఇంట్లో పప్పుచారు బాగా పుల్లగా, కారంగా చేస్తాం. ఆ ఘాటు కోరుకునేవాళ్లకు ఇక్కడి సాంబారు సాధువుగా అనిపిస్తుంది, నాకు మాత్రం అలవాటైపోయింది. చివర్లో పెరుగన్నం వదలొద్దు. మా అత్తయ్య బయట తిండి ఒక పట్టాన ఒప్పుకోరు. ఆవిడే ఇక్కడ ఇంకొంచెం అన్నం పెట్టించుకుంటారు. ఒకే వంటగదిలో చికెన్ గరిటె కూరగాయల గిన్నెలో పడుతుందేమోనన్న టెన్షన్ ఆవిడకు ఇక్కడ లేదు. వారం పాటించేవాళ్లకు ఆ నిశ్చింత రుచి కన్నా ముందు.

మా సేఠ్‌జీని మాత్రం ఇక్కడికి పిలవలేను. ఆయన ఉల్లి, వెల్లుల్లి, దుంపలు ఏవీ తినరు, ఇంటి నుంచి డబ్బా వస్తుంది. మా ఇంట్లో శనివారం నాడు ఉల్లిపాయ లేనిదే పొయ్యి వెలగదు. సర్వేలో రాయాల్సి వస్తే ఆయన శాకాహారి, నేను కాదు. శనివారం మధ్యాహ్నం మాత్రం ఇద్దరం తిననివాళ్లమే, అయినా ఒక టేబుల్ దగ్గర కూర్చుని తినలేం.

వెళ్లేవాళ్లకు ఒకటి రెండు మాటలు. ఆబిడ్స్‌లో కారు పెట్టడం కష్టం, ఆటోలోనో బస్సులోనో వెళ్లండి. పెద్దవాళ్లను తీసుకెళ్తే శనివారం కాస్త తొందరగా బయల్దేరండి. పిల్లలతో అయితే ఆదివారం మేలు. బయట ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి ఉంటాయి, వాళ్లు అవి చూసుకుంటారు. మటన్ వండే రోజు హోటల్ భోజనం ఎందుకని ఇంట్లో అంటే టిఫిన్ తిని, కాఫీ తాగి రండి.