ఎంసెట్ వెయిటేజీ లెక్కకి యాప్ ఎందుకు, గూగుల్ షీట్స్ ఉండగా

మా చెల్లి 2024లో ఆంధ్రా ఈఏపీసెట్ రాసింది, మా ఇంట్లో ఇప్పటికీ ఎంసెట్ అనే అంటాం. కీ చూసుకుంటే 160కి 96 వచ్చేలా ఉన్నాయి. ర్యాంకుకి ఎంసెట్‌కి 75 శాతం, ఇంటర్‌కి 25 శాతం వెయిటేజీ, అలా ఇంటర్ మార్కులు కలిపితే ఎంతవుతుందో చూద్దామని ఫోన్‌లో ఒక ర్యాంకు యాప్ వేసుకున్నాం. అది ఇంటర్ టోటల్ అడిగింది, 905 అని కొట్టాం, 67.63 చూపించింది. అమ్మ వెంటనే పెద్దమ్మకి ఫోన్ చేసి చెప్పేసింది కూడా.

నాకే ఎక్కడో తేడా కొట్టింది. వెయిటేజీకి వెయ్యి మార్కులూ చూడరు కదా, ఇంగ్లిష్, సంస్కృతం పక్కన పెట్టి గ్రూపు సబ్జెక్టుల 600 మార్కులనే ఆ ఏడాది తీసుకున్నారు. ఆ యాప్‌కి ఆ సంగతే తెలియదు, చెల్లికేమో లాంగ్వేజెస్‌లో 400కి 383 ఉన్నాయి, అవన్నీ కలిసిపోయి స్కోరు ఉబ్బింది.

అప్పుడు గడుల్లో లెక్కలు వేసుకునే గూగుల్ షీట్స్ తెరిచాను. మ్యాథ్స్ 300కి 268, ప్రాక్టికల్స్‌తో కలిపి ఫిజిక్స్ 150కి 124, కెమిస్ట్రీ 150కి 130. మొత్తం 522, అంటే 87 శాతం. దాంట్లో నాలుగో వంతు 21.75. ఎంసెట్‌లో 160కి 96 అంటే 60 శాతం, దాంట్లో ముప్పావు వంతు 45. కలిపితే 66.75. యాప్ చెప్పినదానికీ దీనికీ తేడా ముప్పావు పాయింటు పైనే, ఎంసెట్ పేపర్లో చూస్తే దాదాపు రెండు ప్రశ్నలు. పిల్లలు కాలేజీల లిస్టు రాసుకునే టైంలో ఇది చిన్న తప్పేం కాదు, చెల్లి ఆ రాత్రి సరిగ్గా తినలేదు.

ఇంకో పొరపాటు మా నాన్నే చేయబోయారు. మూడు సబ్జెక్టుల శాతాలూ కూడి మూడుతో భాగిస్తే 86.22 వచ్చింది. మ్యాథ్స్ ఒక్కటే సగం బరువు మోస్తుంది కాబట్టి అలా కుదరదు. శాతాలు మాత్రమే చేతిలో ఉంటే సమ్‌ప్రొడక్ట్ ఫార్ములా వాడండి, ప్రతి శాతాన్నీ దాని గరిష్ఠ మార్కులతో హెచ్చవేసి కూడి ఇస్తుంది, దాన్ని 600తో భాగిస్తే సరిగ్గా 87 వస్తుంది. నా బీటెక్ ఎస్‌జీపీఏ, అంటే సెమిస్టర్ గ్రేడు సగటు కూడా ఇదే ఫార్ములాతో చూసుకుంటాను, అక్కడ మార్కుల బదులు క్రెడిట్లు, అంతే.

షీట్స్‌లో నాకు బాగా నచ్చింది, ఒక గడిలో అంకె మారిస్తే చివరిదాకా అదే మారిపోవడం, ఏ అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో కళ్లముందే ఉండటం. ఫ్రీ, యాడ్స్ లేవు, ఫైల్‌ని ముందే ఆఫ్‌లైన్‌లో పెట్టుకుంటే నెట్ లేకపోయినా తెరుచుకుంటుంది. ఇబ్బందల్లా చిన్న ఫోన్‌లో ఫార్ములా కొట్టడమే, ఒక గుర్తు తప్పు పడితే ఎర్రర్ వస్తుంది, అందుకే అర స్టారు తగ్గించి నాలుగున్నర ఇస్తున్నాను.

ఒక్కటి గుర్తుంచుకోండి, సెషన్ల మధ్య పేపర్ల కష్టంలో తేడాని సరిచేసే నార్మలైజేషన్ చేశాక ఎంసెట్ మార్కులు కాస్త అటూఇటూ అవుతాయి, కాబట్టి మీ షీట్‌లో వచ్చేది అంచనానే. తెలంగాణ వాళ్లకి 2023 నుంచి ఇంటర్ వెయిటేజీ లేదు, వాళ్లకి ఈ లెక్కతో పనే లేదు.