రోజంతా నేనే చూసుకుంటున్నాననుకున్నాను

మా కొడుకు, కోడలు తెల్లవారకముందే పనికి వెళ్లిపోతారు. ఏడాదిన్నర మనవడు, తొమ్మిదేళ్ల మనవరాలు నా దగ్గర ఉంటారు. పాపది మధ్యాహ్నం బడి. ఇల్లంటే ఒకటే గది. వంట, స్నానం, నిద్ర అన్నీ అందులోనే. చిన్నపిల్లలకు ప్రమాదాలు జరగకుండా ఏం చేయాలో ఇంటికే వచ్చి ఉచితంగా నేర్పే సర్వీసు ఒకటుందని తెలిసి కోడలు మా పేరు రాయించింది. మూడు నెలల్లో ఇంటికి మూడుసార్లు వచ్చారు, రెండు మీటింగులు పెట్టారు. నేను 5కి 4 స్టార్లు ఇస్తున్నాను.

మొదటి రోజు నాకు ఒళ్లు మండింది. ముగ్గురు పిల్లల్ని పెంచినవాడిని, నాకొచ్చి చెప్పేదేముంది అనిపించింది. వచ్చిన అమ్మాయి జాగ్రత్తలేవీ మొదలుపెట్టలేదు. కాగితం మీద గడులు గీసి, "పొద్దున ఆరు నుంచి బాబు ఏ గంటలో ఎవరి దగ్గరుంటాడో చెప్పండి తాతయ్యా" అంది. అన్నీ నేనేనని చెప్పుకుంటూ పోయి తొమ్మిదిన్నర దగ్గర ఆగాను. ఆ టైంలో నేను వీధి కుళాయి దగ్గర క్యూలో ఉంటాను. గంట పట్టొచ్చు, గంటన్నర పట్టొచ్చు. బాబు వాళ్ల అక్క దగ్గర ఉంటాడు. ఆ అమ్మాయి నా వైపు కాకుండా మనవరాలి వైపు తిరిగి అడిగింది. "నేను హోంవర్క్ రాసుకుంటాను. వాడు ఏడిస్తే చూస్తాను" అంది పాప.

ఏడిస్తేనే చూస్తానంది. నీళ్లలో పడ్డ పసివాడు ఏడవలేడని, చప్పుడే ఉండదని అప్పుడు చెప్పారు. ఆ వయసులో ఒంటితో పోలిస్తే తల బరువు. బకెట్‌లోకి తలకిందులుగా పడితే మళ్లీ లేవలేడు. జానెడు లోతు కూడా అక్కర్లేదట. నేను నీళ్ల కోసం వెళ్తున్న ఆ గంటలోనే మా గదిలో మూత లేని బకెట్లు రెండు ఉండేవి.

పాపను ఎవరూ ఏమీ అనలేదు, అది నాకు బాగా నచ్చింది. తొమ్మిదేళ్ల పిల్ల మీద అంత బరువు పెట్టకూడదన్నారు. మా వరసలోనే ఉన్న ఇద్దరు తల్లులతో మాట్లాడి ఒక ఏర్పాటు చేశారు. ఒకరు నీళ్లకు వెళ్తే ఇంకొకరు పిల్లలందర్నీ ఒకచోట కూర్చోబెట్టుకోవాలి. ఆ గంట వాళ్లకు వేరే పని ఉండదు. బంగ్లాదేశ్ పల్లెల్లో ఆంచల్ అనే కేంద్రాలు ఇలాగే నడుస్తాయట. ఐదేళ్లలోపు పిల్లల్ని ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 దాకా, అంటే తల్లులు పనిలో మునిగిపోయే వేళ, ఊళ్లోని ఒకావిడ చూసుకుంటుంది. దాంతో అక్కడ పిల్లలు నీళ్లలో పడి చనిపోవడం బాగా తగ్గింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ పద్ధతినే సిఫారసు చేస్తోంది.

రెండోసారి కాలిన గాయాల గురించి చెప్పారు. కిందటేడు వేడినీళ్లు ఒలికి పాప చెయ్యి కాలితే నేను టూత్‌పేస్ట్ రాశాను. అలా రాయకూడదని, ఐస్ కూడా పెట్టకూడదని, మామూలు చల్లటి నీళ్లు 20 నిమిషాలు పోస్తూనే ఉండాలని నేర్పారు. ఇంట్లో కుళాయి లేదంటే "చెంబుతో ధారగా పోయండి తాతయ్యా" అని నా చేతే పోయించారు. ఆ రాత్రి పాప చేతి మీది మచ్చ చూస్తుంటే నిద్ర పట్టలేదు. కిరోసిన్ తాగిన పిల్లలకు వాంతి చేయించకూడదని, చేయిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుందని కూడా అప్పుడే తెలిసింది. మా కిరోసిన్ మంచినీళ్ల సీసాలో ఉండేది. ఆ రోజే మార్చేశాను.

మీటింగుల్లో కొంచెంలో తప్పిన ప్రమాదాలను ఎవరికి వాళ్లు చెప్పుకున్నారు. బిడ్డ మంచం మీంచి పడిన సంగతి ఇంట్లో తిడతారని ఏడాదిగా దాచుకున్న తల్లి ఒకావిడ అక్కడ చెప్పింది. ఎవరూ తప్పు పట్టలేదు. ఆవిడ ఏడుస్తుంటే పక్కనున్న మరో ఇద్దరు తమ సంగతులూ బయటపెట్టారు.

ఇక ఆ ఒక్క స్టారు ఎందుకు తగ్గించానంటే, అందరికీ ఒకే కిట్ ఇచ్చారు. అందులో అల్మారా తలుపుల గొళ్లాలు నాలుగున్నాయి. మాకు అల్మారాయే లేదు. బకెట్‌కి సరిపోయే మూత ఒకటిచ్చినా పనికొచ్చేది, పాత పళ్లెం మీద రాయి పెట్టి నడిపిస్తున్నాం. ఇచ్చిన కాగితంలో అక్షరాలు మరీ చిన్నవి, బొమ్మలు లేవు. అన్నిటికన్నా పెద్ద లోటు మెట్లు. మా మేడ మెట్లకు రెయిలింగ్ లేదు. తాడు అల్లి కట్టుకోమన్నారు, కట్టాం. కానీ అది ఇంటి ఓనరు పెట్టించాల్సింది. అద్దెకుండే మేం ఒక్కళ్లమే అడిగితే ఖాళీ చేయమంటారు. అలాంటి చోట సర్వీసు వాళ్లు కూడా మాతో వచ్చి అడగాలి. మూడోసారి వచ్చినప్పుడు ఈ మాట చెప్పాను, రాసుకున్నారు. ఇంకా ఏ కబురూ లేదు.

పేరు రాయించేవాళ్లు మీకు ఖాళీ ఉన్న టైం కాకుండా, బిడ్డను నిజంగా ఎవరు చూస్తారో వాళ్లు ఇంట్లో ఉండే టైం చెప్పండి. మా కోడలు సెలవు రోజు చెప్పి ఉంటే వాళ్లు పాపను అడిగేవారే కాదు.