1972 ఎంజీబీ, సొంత రిపేర్లు: పదకొండేళ్ల తర్వాత నా మాట

నా దగ్గరున్నది 1972 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్, రెండు సీట్ల బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. క్రోమ్ బంపర్లు, ముదురాకుపచ్చ రంగు, మడత పెట్టే టాపు. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ దగ్గర అబింగ్డన్ అనే ఊళ్లో తయారైంది. ఇప్పుడు ఆ ఊరికి అరగంట దూరంలో మా ఇంటి గరాజ్‌లో ఉంటోంది. కొని పదకొండేళ్లయింది. సుమారు ముప్పై వేల మైళ్లు తిప్పాను. గేర్‌బాక్స్, వెల్డింగ్ తప్ప మిగతా పనులన్నీ నేనే చేసుకున్నాను. నేను మెకానిక్‌ని కాను, చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అందుకే ఇలాంటి కారు కొనాలనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది ఒకటే: "మన రిపేర్లు మనం చేసుకోగలమా?" ఈ సమీక్ష కారు గురించి కన్నా ఆ ప్రశ్న గురించే.

చేసుకోవచ్చు. 1962 నుంచి 1980 వరకు ఎంజీబీలు ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. ఇంటి ముందు నిలబెట్టి, మామూలు పానాలతో విప్పుకునేలా కట్టిన కారు ఇది. బానెట్ ఎత్తితే ఇంజను చుట్టూ రెండు చేతులూ పెట్టేంత ఖాళీ ఉంటుంది. కంప్యూటర్ లేదు, సెన్సర్లు లేవు. విడిభాగాలు ఈ రోజుకీ ఫోన్ చేస్తే రెండు రోజుల్లో ఇంటికి వస్తాయి. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ 1988 నుంచి మొత్తం బాడీనే పాత అచ్చులతో కొత్తగా తయారుచేస్తోంది. యాభై ఏళ్లు దాటిన కారుకి ఇంతకన్నా ఏం కావాలి?

కాకపోతే ఒక షరతుంది. పార్టు మార్చే ముందు జబ్బేమిటో కనుక్కునే ఓపిక ఉండాలి. ఆ ఓపిక నాకు మొదట్లో లేదు. దాని ఖరీదు ఒక వేసవి.

కొన్న రెండో ఏడు మే నెలలో శ్రద్ధగా సర్వీసు చేశాను. ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సర్, రోటర్ ఆర్మ్, అంటే పెట్రోల్‌ని మండించే నిప్పురవ్వని పుట్టించే భాగాలన్నీ కొత్తవి వేసి పాతవి చెత్తడబ్బాకి దగ్గరగా ఒక అట్టపెట్టెలో పడేశాను. నెల తర్వాత కారు కొత్త వేషం మొదలుపెట్టింది. ఇరవై నిమిషాలు హాయిగా నడుస్తుంది, వేడెక్కగానే చటుక్కున ఆగిపోతుంది. పావుగంట చల్లారనిస్తే ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది. ఒకసారి ఏ34 రోడ్డు మీద, వెనక లారీ ఉండగా ఆగింది. పక్క సీట్లో మా అమ్మాయి ఉంది. ఆ రోజు పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తే.

పెట్రోల్ అందడం లేదని నిర్ణయించేసుకున్నాను. పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజనుకి పంపే కార్బురేటర్లు రెండూ విప్పి కడిగాను, ఫ్లోట్ నీడిల్స్ మార్చాను, పెట్రోల్ పైపులు మార్చాను, ట్యాంకులో చెత్తుందేమో చూశాను. మూడు శని ఆదివారాలు పోయాయి. నాలుగో వారం, ఆగిపోయిన వెంటనే ప్లగ్ ఒకటి విప్పి ఇంజనుకి ఆనించి, మా ఆవిణ్ని స్టార్టర్ తిప్పమన్నాను. నిప్పురవ్వ లేదు. అట్టపెట్టెలోంచి పాత కండెన్సర్ తీసి బిగించాను. ఆ తర్వాత కారు ఒక్కసారి కూడా అలా ఆగలేదు. నేను "కొత్తది" అని వేసిందే చెడ్డది, వేడెక్కితే లోపల తెగిపోతోంది.

అప్పటి నుంచి మూడు పద్ధతులు పెట్టుకున్నాను. కారు ఆగితే ముందు నిప్పురవ్వ చూస్తాను, తర్వాతే పెట్రోల్. చివరగా నేను ముట్టుకున్న చోటునే మొదట అనుమానిస్తాను. పనిచేస్తున్న పాత పార్టుని ఎప్పుడూ పారేయను, ఒక చీటీ కట్టి డిక్కీలో పెడతాను. ఈ మూడింటి వల్ల మిగిలిన డబ్బు ముందు నా పనిముట్లన్నీ తక్కువే.

ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఎస్‌యూ కంపెనీ జంట కార్బురేటర్లను ట్యూన్ చేయడం. జనం భయపడేదీ దీనికే. ఇంజను బాగా వేడెక్కాక ఎయిర్ ఫిల్టర్లు రెండూ తీసేస్తాను. గజం పొడవున్న రబ్బరు గొట్టం ఒక చివర చెవి దగ్గర, రెండో చివర కార్బురేటర్ నోటి దగ్గర పెట్టి వింటాను. గాలి పీల్చే "ఉస్స్" శబ్దం రెండింటిలోనూ ఒకే స్థాయిలో ఉండాలి. ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా ఉంటే ఐడిల్ స్క్రూలు సర్దుతాను. అది కుదిరాకే మిక్స్చర్, అంటే గాలీ పెట్రోల్ పాళ్ల జోలికి వెళ్లాలి.

మిక్స్చర్ చూడడానికి కార్బురేటర్ పక్కన చిన్న పిన్ను ఉంటుంది. దాన్ని వేలితో పైకి నొక్కితే లోపలి పిస్టన్ లేస్తుంది. లేపాల్సింది మిల్లీమీటరు కంటే తక్కువే. ఇంజను వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోల్ ఎక్కువైనట్టు. వెంటనే పడిపోయి ఆగబోతే తక్కువైనట్టు. ఒక్క క్షణం పెరిగి మళ్లీ సర్దుకుంటే సరిపోయినట్టు. కింద ఆరు పలకల నట్టు ఉంటుంది, దాన్ని ఒక్కో పలక చొప్పున తిప్పి, ప్రతిసారీ పిన్ను నొక్కి వినాలి. రెండు పలకలు ఒకేసారి తిప్పారా, ఎక్కడున్నారో తెలియకుండా పోతుంది. మొదటిసారి నాకు మధ్యాహ్నమంతా పట్టింది, ఇప్పుడు నలభై నిమిషాలు చాలు. ఆ పని పూర్తయిన రోజు సాయంత్రం రోడ్డు మీదికి తీస్తే మూడో గేర్లో కారు లాగే తీరే వేరుగా ఉంటుంది.

టప్పెట్ల విషయం, అంటే వాల్వులకీ వాటిని నొక్కే మీటలకీ మధ్య ఉండే సన్నటి గ్యాప్ విషయం చెప్పాలంటే తెనాలి వెళ్లాలి. మా నాన్న అక్కడ ఇరవై ఏళ్లు అంబాసిడర్ నడిపారు. ఆ పాత అంబాసిడర్‌లోని 1489 సీసీ పెట్రోల్ ఇంజనూ, నా ఎంజీబీలోని 1798 సీసీ ఇంజనూ ఒకే ఇంటివి. రెండూ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల బి-సిరీస్. చిన్నప్పుడు మేస్త్రి గారు మా ఇంటి ముందు వేపచెట్టు కింద ఆ బండి టప్పెట్లు సరిచేస్తుంటే నేను టార్చిలైటు పట్టుకునేవాణ్ని. "తొమ్మిది లెక్క మర్చిపోకు బాబూ" అనేవారు. ఇంజనులోకి గాలీ పెట్రోల్‌నీ రానిచ్చి, పొగని బయటికి వదిలే వాల్వులు ఎనిమిది. ఎనిమిదోది పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది సరిచూడాలి, ఏడోది తెరుచుకున్నప్పుడు రెండోది. ఎలా చూసినా రెండూ కలిపితే తొమ్మిదే. ముప్పై ఏళ్ల తర్వాత ఇంగ్లండ్‌లో అదే లెక్క అదే ఇంజను మీద వేస్తానని అప్పుడు అనుకోలేదు.

ఆరేళ్ల క్రితం నాన్న మా దగ్గరికి వచ్చినప్పుడు ఇంజను స్టార్ట్ చేసి చూపించాను. కాసేపు బానెట్ మీదికి వంగి విన్నారు.

"టప్పెట్లు ఎప్పుడు చూశావురా?"

"చప్పుడేం లేదుగా నాన్నా, బాగానే ఉన్నాయి."

"చప్పుడు చేసేదాంతో భయం లేదు. చప్పుడు చెయ్యనిదాన్నే చూసుకోవాలి."

మర్నాడు పొద్దున చల్లటి ఇంజను మీద ఇద్దరం చూశాం. గ్యాప్ 0.015 అంగుళం, అంటే 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) ఉండాలి. నాలుగో వాల్వు దగ్గర, అంటే రెండో సిలిండర్ ఎగ్జాస్ట్‌ది, గ్యాప్ కొలిచే ఫీలర్ గేజ్‌లో 9 థౌ రేకు కూడా కష్టంగా దూరింది. గ్యాప్ వదులైతే టకటకమని చెబుతుంది. బిగువైతే ఏమీ చెప్పదు, వేడికి వాల్వు పూర్తిగా మూసుకోక అంచు కాలిపోతుంది. ఇంకో రెండు వేల మైళ్లు అలాగే తిప్పి ఉంటే హెడ్డు దింపాల్సి వచ్చేదేమో. 15 థౌ రేకు రెండు పుస్తకాల మధ్య నుంచి కాగితం లాగినట్టు కాస్త పట్టుతో రావాలి. లాక్‌నట్టు బిగించేటప్పుడు స్క్రూ దానితో పాటు తిరుగుతుంది కాబట్టి స్క్రూడ్రైవర్‌తో దాన్ని కదలకుండా పట్టుకోవాలి. బిగించాక మళ్లీ రేకు పెట్టి చూడకుండా కవర్ మూయకూడదు. నాన్న ఎనిమిదింటికీ రెండోసారి చూపించమన్నారు.

కరెంటు పనులంటే చాలామంది వెనకాడతారు. ఈ కారుకి నా అనుభవంలో అంత భయం అక్కర్లేదు, వైర్ల రంగులకి ఒక పద్ధతుంది. గోధుమ రంగు వైరు బ్యాటరీ నుంచి నేరుగా వస్తుంది. తెల్లది తాళం తిప్పితే వస్తుంది. ఆకుపచ్చది తాళం తిప్పాక ఫ్యూజు దాటి వస్తుంది. నల్లది ఎర్త్. ఈ నాలుగూ తెలిస్తే పన్నెండు వోల్టుల టెస్ట్ లైటు పట్టుకుని తప్పెక్కడుందో అడుగడుగునా వెతుక్కుంటూ పోవచ్చు. పదకొండేళ్లలో నాకు వచ్చిన కరెంటు సమస్యల్లో ఎక్కువ భాగం ఎర్త్ దగ్గర తుప్పో, బుల్లెట్ కనెక్టర్లో చిలుమో. గరుకు కాగితంతో రుద్ది, కొంచెం వ్యాజిలిన్ రాసి బిగిస్తే పోయాయి. 1972 మోడల్‌కి సీట్ల వెనక నేల కింద రెండు 6 వోల్టుల బ్యాటరీలు ఉంటాయి, ఒకదాని చివర రెండోదానికి కలిపి 12 అవుతుంది. ఆ మధ్య వైరు బిగింపు ఏడాదికోసారి చూడండి, అది వదులైతే కారు మొత్తం చచ్చినట్టు పడుకుంటుంది.

గ్రీజు పని విసుగ్గా ఉంటుంది, కానీ మానొద్దు. ముందు చక్రాలకి ఒక్కోవైపు గ్రీజు ఎక్కించే మూడు నిపుల్స్, ప్రతి 3,000 మైళ్లకి. చక్రాన్ని జాకీ మీద లేపి కొట్టండి, బరువు మీదుండగా కొడితే గ్రీజు చేరాల్సిన చోటికి చేరదు. నాకంటే ముందున్నవాళ్లు ఈ పని వదిలేశారు, ముందు చక్రాలు పక్కలకి తిరిగేందుకు ఆధారమైన కింగ్‌పిన్లు అరిగిపోయి స్టీరింగ్ బిగుసుకుపోయి ఉండేది.

పానాల గురించి ఒక మాట. ఇవి అంగుళాల కొలతల్లో ఉంటాయి: 7/16, 1/2, 9/16. ఇంట్లో ఉంది కదా అని అర అంగుళం బోల్టుకి 13 మిల్లీమీటర్ల పానా పెట్టకండి. పడుతుంది, కానీ కాస్త వదులు. బిగుసుకున్న బోల్టు మీద బలం పెడితే మూలలు గుండ్రమైపోతాయి. అంగుళాల సెట్టు మంచిది ఒకటి మొదటి రోజే కొనండి. ఎవరు ఎంత చెప్పినా చేయకూడనిది ఇంకొకటి: జాకీ ఒక్కదాని మీద ఉన్న కారు కిందికి దూరడం. నేను స్టాండ్లు రెండు పెట్టి, ఊపి చూసి, అప్పుడే పడుకుంటాను. స్టాండ్లు పెట్టి ఉన్నా విప్పిన చక్రాన్ని సిల్ కిందికి తోసి ఉంచుతాను.

ఇక తుప్పు. ఇక్కడే నేను ఓడిపోయాను. ఈ కారుకి విడిగా ఛాసిస్ లేదు, తలుపుల కింద ఉండే సిల్సే వెన్నెముక. శీతాకాలం మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు యాభై ఏళ్లుగా లోపల తింటూ వస్తుంది. నా కారుకి పైన తళతళలాడే కొత్త సిల్స్ ఉండేవి. నాలుగో ఏడు జాకీ పెట్టి లేపితే తలుపు తెరుచుకోలేదు, సందు మూసుకుపోయింది. అంటే బాడీ మధ్యలో వంగుతోందన్నమాట. ఎవరో పాత కుళ్లిన సిల్ మీదే కొత్త రేకు అతికించి, పుట్టీ పెట్టి, రంగేశారు. లోపలి గోడ చేత్తో గోకితే రాలింది. వెల్డింగ్ నేర్చుకుని నేనే చేద్దామని ఆశ పడ్డాను. పాత రేకు ముక్కల మీద రెండు నెలలు ప్రాక్టీసు చేశాక అర్థమైంది, ప్రాణాలు ఆధారపడే చోట నా అతుకులు సరిపోవని. తలుపులు సరైన సందుతో ఉండగానే బాడీకి ఊతాలు పెట్టి, ఒక్కోవైపు కోసి వేయాల్సిన పని అది. చేయి తిరిగిన వెల్డర్‌కి ఇచ్చాను. ఖర్చు కారు కొన్న ధరలో మూడో వంతయింది. కొనేవాళ్లు ముందుగా చేయాల్సిన పరీక్ష ఇదే: ఇంజను సంగతి తర్వాత, తలుపు సందులు చూడండి, అయస్కాంతం పెట్టి సిల్స్ తడమండి. ఇంజను గరాజ్‌లో బాగవుతుంది, కుళ్లిన బాడీ మీ సెలవుల్నీ డబ్బునీ కలిపి తినేస్తుంది.

బ్రేకుల పని నేనే చేస్తాను, ముందు డిస్కులూ వెనక డ్రమ్ములూ రెండూ సులువే. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మారుస్తాను. బ్రిటన్‌లో నలభై ఏళ్లు దాటిన ఇలాంటి కార్లకి 2018 నుంచి ఎంఓటీ, అంటే ఏటా జరిగే భద్రతా పరీక్ష, తప్పనిసరి కాదు. అయినా నేను ప్రతి ఏడూ డబ్బు కట్టి చేయిస్తాను. నా పని నాకు మంచిగానే కనిపిస్తుంది, ఇంకొకరి కళ్లు కూడా కింద నుంచి చూడాలి. రెండుసార్లు వాళ్లే నాకు కనిపించని లీకు పట్టుకున్నారు.

పెట్రోల్ విషయం కూడా తెలుసుకోండి. 2021 సెప్టెంబర్ నుంచి ఇక్కడ మామూలు పెట్రోల్ అంటే ఈ10, పది శాతం దాకా ఎథనాల్ ఉంటుంది. పాత రబ్బరు పైపులకి అది పడదు. నేను ఈ5 సూపర్ మాత్రమే పోయిస్తాను. పైపులన్నీ ఎథనాల్‌ని తట్టుకునేవి, జె30 ఆర్9 అని ముద్ర ఉన్నవి వేశాను. తాళం తిప్పగానే వెనక నుంచి పెట్రోల్ పంపు టిక్కు టిక్కుమని నాలుగైదుసార్లు కొట్టి ఆగాలి. ఆగకుండా కొడుతూనే ఉంటే స్టార్ట్ చేయకండి, ట్యాంకు ఖాళీ అయినా అయి ఉండాలి, ఎక్కడో కారుతూ అయినా ఉండాలి.

ఖర్చు: వెల్డింగ్, గేర్‌బాక్స్ పక్కన పెడితే ఆయిలూ పార్టులూ కలిపి నాకు ఏడాదికి సుమారు రెండు వందల యాభై పౌండ్లు. సమయం నెలకి ఒక పూట. రోజూ ఆఫీసుకి ఇదొక్కటే కారైతే మాత్రం వద్దంటాను. ఆదివారం రాత్రి విప్పింది సోమవారం పొద్దునకి బిగించి తీరాలంటే తొందరలో తప్పులు జరుగుతాయి. నీడ పట్టున చోటు లేనివాళ్లు కూడా ఆలోచించుకోండి, ఈ దేశపు వానలో బ్రేకు విప్పి కూర్చోవడం మంచి పని కాదు.

ఈ డిసెంబర్‌లో కింగ్‌పిన్లు రెండోసారి మార్చాలి. కుడివైపుది గ్రీజు కొట్టిన వారానికే మళ్లీ బిగుసుకుంటోంది. పార్టులు వచ్చి షెల్ఫ్ మీద ఉన్నాయి. నాన్న మొన్న వీడియో కాల్‌లో పెట్టె విప్పి చూపించమన్నారు, కింగ్‌పిన్ తిరిగే గొట్టంలాంటి బుష్ మీద వేలు పెట్టి తిప్పి చూపిస్తే, "ఆ గ్రీజు రంధ్రం సరిగ్గా ఎదురుగా వచ్చేలా వెయ్యి, లేకపోతే ఎంత కొట్టినా లోపలికి పోదు" అన్నారు. పాతదాంట్లో ఎలా ఉందో విప్పగానే ముందు అదే చూస్తాను.