ఆరేళ్ల డూమ్ మోడ్లు: తీసేసినవి, ఉంచుకున్నవి

హార్డ్ డిస్క్ నిండిపోయిందని మొన్న సర్దుతుంటే డూమ్ అనే పాత తుపాకుల కంప్యూటర్ ఆట ఫోల్డర్ ఒక్కటే 13 జీబీ తేలింది. అసలు డూమ్ 2 డేటా ఫైలు 15 ఎంబీ కూడా ఉండదు. మిగతాదంతా ఆరేళ్లుగా నేను దింపుకున్న మోడ్లే. అభిమానులు చేసిన లెవెల్స్, తుపాకులు, కొత్త రాక్షసులు, ఇంకా ఎందుకు దింపానో నాకే గుర్తులేనివి. ఒక ఆదివారం కూర్చుని ఒక్కొక్కటే తెరిచి చూసి, చాలావరకు తీసేశాను. ఏది తీసేయడానికి చెయ్యి రాలేదో చూస్తే నా అభిరుచి నాకే కొత్తగా తెలిసింది.

మోడ్లు చేసుకోవడానికి ఇంత వీలున్న పాత ఆట ఇంకోటి నేను ఆడలేదు. 1993లో వచ్చినప్పుడే మ్యాపులు, బొమ్మలు, శబ్దాలు ప్రోగ్రాంలో కలిపేయకుండా వాడ్ అనే ఫైల్లో విడిగా పెట్టారు. 1997లో సోర్స్ కోడ్, అంటే ఆట ప్రోగ్రాం రాత కూడా బయటపెట్టారు. అందుకే ఇవాళ్టి కంప్యూటర్ మీద జీజెడ్‌డూమ్ లాంటి సోర్స్ పోర్ట్‌తో (ఆ కోడ్ నుంచి అభిమానులు చేసిన కొత్త ప్రోగ్రాంతో) హాయిగా నడుస్తుంది. మోడ్ ఫైలుని మౌస్‌తో లాక్కెళ్లి దాని మీద వదిలితే చాలు. అసలు ఆట డేటా మాత్రం మన దగ్గర ఉండాలి. లేనివాళ్లు ఫ్రీడూమ్ అనే ఉచిత డేటాతో చాలా మోడ్లు ఆడుకోవచ్చు, బొమ్మలు వేరేగా ఉంటాయంతే.

అందరిలాగే నేనూ బ్రూటల్ డూమ్‌తో మొదలుపెట్టాను. 2010లో మొదటిసారి వచ్చిన మోడ్ అది. గోడల నిండా నెత్తురు, కాలిస్తే చేతిలో గన్ అదిరినట్టుండే శబ్దం. మొదటి వారం నిద్రపోలేదంటే అతిశయోక్తి కాదు. రెండు నెలలు గడిచాక ఏ మ్యాప్ తెరిచినా ఒకేలా అనిపించడం మొదలైంది. ఎందుకో అర్థం కావడానికి ఇంకో ఏడాది పట్టింది.

డూమ్ లోపల ఒక లెక్క ఉంది. సూపర్ షాట్‌గన్ ఒకసారి కాలిస్తే 20 గుండ్లు. దగ్గర నుంచి అన్నీ తగిలితే సగటున 200 దెబ్బ. రెవనెంట్ అనే రాక్షసుడి ప్రాణం 300. అంటే మామూలుగా రెండుసార్లు కాల్చాలి. ఆ రెండింటి మధ్య గన్ మళ్లీ నిండేలోపు వాడి రాకెట్ మన వెంట పడుతుంది. అప్పుడు ఎక్కడ నిలబడతావు, ఏ స్తంభం వెనక్కి జారుకుంటావు అన్నదే ఆట. మంచి మ్యాప్ చేసేవాళ్లు తూటాలు కూడా ఈ లెక్క చూసే పెడతారు. అంతకన్నా తమాషా ఏంటంటే, ఒక రాక్షసుడి దెబ్బ ఇంకో జాతి వాడికి తగిలితే వాళ్లలో వాళ్లే కొట్టుకుంటారు. తూటాలు తక్కువున్న గదిలో ఆ తగువు పెట్టించడమే సగం విద్య. తుపాకీ బలం రెట్టింపు చేసే మోడ్ వేస్తే తగువు మొదలయ్యేలోపే అందరూ చచ్చి పడుంటారు. బొమ్మ అదిరిపోతుంది, గదిలో మాత్రం ఆట మిగలదు.

నా డిస్క్‌లో మిగిలినవన్నీ ఆ లెక్కని ముట్టుకోకుండా కొత్త చోట్లు కట్టినవే. గోయింగ్ డౌన్ సంగతి చూడండి. సిరియాక్ అనే యానిమేటర్ 2014లో ఒక్కడే చేసిన 32 మ్యాపులు. మేడ మీద మొదలై లిఫ్ట్‌లో ఒక్కో అంతస్తు దిగుతూ పోతాం. కొత్త తుపాకీ ఒక్కటీ లేదు. అయినా ఆ ఇరుకు గదుల్లో తలుపు తెరిచిన ప్రతిసారీ గుండె గొంతులోకి వస్తుంది. మూడుసార్లు పూర్తి చేశాను. 2003 నాటి సైత్ అనే మ్యాపుల కట్ట కూడా ఉంచాను. తొలి మ్యాపులు రెండు మూడు నిమిషాల్లో అయిపోతాయి కాబట్టి అలసిపోయిన రోజు అదే తెరుస్తాను. డూమ్‌కి పాతికేళ్లు నిండిన రోజున, 2018 డిసెంబర్ 10న వచ్చిన ఎవిటర్నిటీ చూడటానికి అన్నిటికన్నా అందమైనది. ఐదేసి మ్యాపులకి ఒక కొత్త లోకం కనిపిస్తుంది. చివరి మ్యాప్ మాత్రం కష్టం తగ్గించుకుని ముగించాను, దాచడం ఎందుకు.

ఇక తలనొప్పులు. పెద్ద తుపాకీ ప్యాక్ ఒకటి, పేరు వద్దు, మధ్యలో అప్‌డేట్ చేస్తే ఇరవై గంటల సేవ్‌లు ఏవీ తెరుచుకోలేదు. అప్పటినుంచి ఆట పూర్తయ్యేదాకా మోడ్‌ని గానీ సోర్స్ పోర్ట్‌ని గానీ కదిలించను. రెండు మోడ్లు కలిపి వేస్తే, రెండూ ముట్టుకున్న చోట చివర లోడ్ అయినదే గెలుస్తుంది. వరస మారితే రాక్షసుడి బదులు ఖాళీ గాలి అరుస్తుంది, నిజంగానే జరిగింది. దూకే మీట సంగతి వేరు. అసలు డూమ్‌లో దూకడం లేదు, జీజెడ్‌డూమ్‌లో ఉంది. ఒక మ్యాప్‌లో తెలివిగా కిటికీలోంచి దూకి సగం లెవెల్ తప్పించుకున్నాను. తీరా చూస్తే తాళంచెవి వెనకే ఉండిపోయింది, తిరిగి వెళ్లే దారి మూసుకుపోయింది. అది మ్యాప్ లోపం కాదు, దూకకూడని చోట దూకిన నాది.

ఇవన్నీ వాడ్‌తో పాటు వచ్చే చిన్న టెక్స్ట్ ఫైల్లో ఉంటాయి: ఏ ఆట డేటా మీద నడుస్తుంది, దూకొచ్చా, ఏ పోర్ట్‌లో పరీక్షించారు అని. మొదటి ఏడాది ఒక్కటి కూడా చదవలేదు. ఇప్పుడు మందు సీసా మీద చీటీ చదివినట్టు చదువుతాను. 2023లో మైహౌస్ వచ్చినప్పుడూ అలాగే చదివి, చనిపోయిన స్నేహితుడి గుర్తుగా చేసిన చిన్న ఇంటి మ్యాప్ అనుకుని పదినిమిషాల పనిలే అని కూర్చున్నాను. లేచేసరికి తెల్లవారింది. అంతకు మించి చెబితే ఆడబోయేవాళ్లకి అన్యాయం చేసినట్టే. తుపాకీ మోడ్ ఏదీ కలపకుండా, తెలిసినవాళ్లని అడగకుండా ఆడండి.

బ్రూటల్ డూమ్‌ని కూడా తీసేయలేదు. ఎవరైనా ఇంటికొచ్చి డూమ్ అంటే ఏంటి అని అడిగితే పావుగంట చూపించడానికి దాన్ని మించింది లేదు. ఆ తర్వాత కూడా లేవకుండా కూర్చుంటే గోయింగ్ డౌన్ తెరిచి కీబోర్డ్ వాళ్ల చేతికిస్తాను. నేను మాత్రం సన్‌లస్ట్ అనే కష్టమైన మ్యాపుల కట్ట మొదలుపెట్టి నాలుగు నెలలైంది, ఇంకా సగం కూడా దాటలేదు.