మేనేజ్డ్ సర్వర్ ప్యాకేజీ కొనేవాళ్లకు హెచ్చరిక: పాత పీఐడీ ఫైల్ సంగతి ముందే అడగండి

కరెంటు పోయినా సర్వీసులన్నీ వాటంతట అవే లేస్తాయని చెప్పి మాకు ఒక మేనేజ్డ్ సర్వర్ ప్యాకేజీ (సర్వర్ నిర్వహణ అంతా అమ్మినవాళ్లే చూసుకునేది) అమ్మారు. తీరా సర్వర్ ఉన్నట్టుండి ఆగిపోయి మళ్లీ ఆన్ అయ్యాక అప్లికేషన్ లేవలేదు. లాగ్ నిండా ఒకటే లైను, సర్వీస్ ఇప్పటికే నడుస్తోందని. నిజానికి ఏదీ నడవట్లేదు.

అప్లికేషన్ మొదలైనప్పుడు తన ప్రాసెస్ నంబర్‌ను (నడుస్తున్న ప్రతి ప్రోగ్రామ్‌కు సిస్టమ్ ఇచ్చే నంబర్, అదే పీఐడీ) పీఐడీ ఫైల్లో రాసుకుంటుంది, పద్ధతిగా ఆగితే చెరిపేస్తుంది. కరెంటు పోయినా, కిల్ మైనస్ 9 (ప్రోగ్రామ్‌ను ఉన్నపళంగా చంపే కమాండ్) కొట్టినా ఆ అవకాశం ఉండదు, ఫైల్ అలాగే మిగిలిపోతుంది. మళ్లీ లేచేటప్పుడు అప్లికేషన్ ఆ ఫైల్ చూసి తను ఇప్పటికే నడుస్తున్నాననుకుంటుంది. లినక్స్‌లోని రన్ డైరెక్టరీలో పెట్టి ఉంటే అది మెమరీలోనే ఉంటుంది కాబట్టి రీబూట్‌తో పోయేది. వీళ్లు డిస్క్ మీద డేటా ఫోల్డర్‌లో పెట్టారు.

అసలు నష్టం ఆ తర్వాత జరిగింది. సపోర్ట్ వాళ్లు తమ రీస్టార్ట్ స్క్రిప్ట్ నడిపారు. అది ఫైల్లో ఉన్న నంబర్ చదివి, అది ఎవరిదో చూడకుండానే కిల్ మైనస్ 9 కొట్టేసింది. రీబూట్ తర్వాత నంబర్లు మళ్లీ మొదటి నుంచి పంచుతారు కదా, ఆ నంబర్ అప్పటికి పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ తాలూకు ఒక ప్రాసెస్‌కు వెళ్లింది. పోస్ట్‌గ్రెస్‌లో ఒక్క ప్రాసెస్‌ను అలా చంపినా మిగతా కనెక్షన్లన్నీ తెంచేసి రికవరీలోకి (డేటాను సరిచూసుకునే పనిలోకి) వెళ్తుంది. బతికున్న డేటాబేస్‌ను కూడా వాళ్లే పడగొట్టారన్నమాట. ఆ టెన్షన్ ఇంకెవరికీ వద్దు.

కాబట్టి డబ్బు కట్టకముందే అడగండి. ఫైల్లోని నంబర్ తమ ప్రోగ్రామ్‌దేనని ప్రాక్ డైరెక్టరీలో (నడుస్తున్న ప్రాసెస్‌ల వివరాలుండే చోట) చూసి నిర్ధారించుకుంటారా? ఫైల్ లాక్ (ఒకసారికి ఒక్క ప్రాసెస్ మాత్రమే పట్టుకోగలిగే తాళం) వాడతారా? ప్రాసెస్ చనిపోగానే కెర్నలే (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) లాక్ వదిలేస్తుంది, నా దృష్టిలో అదే మంచి పద్ధతి. కంటైనర్లయితే (ఒక్కో అప్లికేషన్‌ను విడి డబ్బాలో పెట్టినట్టు నడిపే పద్ధతి) ఇంకా గట్టిగా అడగండి. అక్కడ ప్రధాన ప్రాసెస్ నంబర్ సాధారణంగా 1 కాబట్టి పాత ఫైల్ కూడా నిజమైనదానిలాగే కనిపిస్తుంది.

ఫైల్ డిలీట్ చేసేయండి అని ఎవరైనా తేలిగ్గా చెబితే ఆగండి. పోస్ట్‌గ్రెస్ నిజంగా నడుస్తుండగా దాని పీఐడీ ఫైల్ తీసేస్తే, ఒకే డేటా మీద రెండు సర్వర్లు లేచి డేటా పాడయ్యే ప్రమాదం ఉంది. ముందు పీఎస్ కమాండ్‌తో ఏం నడుస్తోందో చూడండి.

ట్రయల్ సమయంలోనే, అసలు డేటా ఎక్కించకముందు, మెషీన్‌ను బలవంతంగా పవర్ ఆఫ్ చేయించి చూడండి. దానికి అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే ఆ ప్యాకేజీ తీసుకోకండి.