పేపర్ పేరు కాపాడుకోవాలంటే ఏది మేలు: పీఆర్‌జీఐ టైటిలా, ట్రేడ్‌మార్కా?

చిన్న పత్రికలు నడిపే మిత్రులు ఫోన్ చేస్తే మాట ఎటు తిరిగినా చివరికి ఒకే చోటికి వస్తోంది. "మనకు ఆర్‌ఎన్‌ఐ నంబరుంది కదన్నా, మళ్లీ ట్రేడ్‌మార్క్ ఎందుకు, డబ్బు దండగ కాదా?" ఆర్‌ఎన్‌ఐ అంటే పత్రికలను రిజిస్టర్ చేసే కేంద్ర ప్రభుత్వ కార్యాలయం, ఇప్పుడు దాని పేరే పీఆర్‌జీఐ. ఏళ్లుగా పక్షపత్రిక తెస్తున్నవాళ్లూ ఇదే అడుగుతున్నారు, నిన్నగాక మొన్న పీడీఎఫ్ పేపర్ పెట్టి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పుతున్నవాళ్లూ ఇదే అడుగుతున్నారు. విడివిడిగా చెప్పేకన్నా ఒక్కసారి రాసి పడేస్తే పోతుందనిపించింది.

ముందు టైటిల్ సంగతి, అంటే పత్రిక పేరుకు ఆ కార్యాలయం ఇచ్చే ఆమోదం. పత్రికల రిజిస్ట్రేషన్‌కు 1867 నాటి చట్టం పోయి 2023 చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది, ఆర్‌ఎన్‌ఐ కాస్తా పీఆర్‌జీఐ అయింది, మేజిస్ట్రేట్ ముందు డిక్లరేషన్ ఇచ్చే పని తప్పి వ్యవహారమంతా ప్రెస్ సేవా పోర్టల్‌లోకి మారింది. మనకు కావాల్సిన రూల్ మాత్రం దాదాపు అదే. అదే భాషలో దేశంలో ఎక్కడున్నా సరే, అదే రాష్ట్రంలో ఏ భాషలో ఉన్నా సరే, మీ పేరుగానీ దాన్ని పోలిన పేరుగానీ ఇంకొకరికి ఇవ్వకూడదు. అంటే మీది తెలంగాణలో తెలుగు పేపరైతే, మీ పేరుతో విజయవాడలో తెలుగు పేపర్ రాదు, హైదరాబాద్‌లో ఉర్దూ పేపర్ రాదు. మీరు కోర్టు మెట్లెక్కకుండానే, లాయర్‌కు రూపాయి ఇవ్వకుండానే. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను. పైగా ఆ నంబరు లేకపోతే విలేకరులకు సర్కారు ఇచ్చే అక్రెడిటేషన్ కార్డుల మాట, సర్కారు యాడ్స్ మాట ఎత్తలేం. అసలు అచ్చు వేయాలంటేనే అది ఉండాలి, కాబట్టి టైటిల్ తీసుకోవాలా వద్దా అనే ప్రశ్నే లేదు.

కానీ ఆ నంబరు చేతిలో ఉంది కాబట్టి పేరు నా సొత్తు అనుకోవడం, ఇంటి పన్ను రసీదు చూపించి ఇల్లు నాదే అన్నట్టుంటుంది. పీఆర్‌జీఐ చూసేది అచ్చయ్యే పత్రికల్లో ఒక పేరు ఇంకో పేరుతో కలిసిపోతోందా లేదా అన్నంతవరకే. ఆ పేరుతో పేపర్ కాకుండా ఇంకేదైనా నడిపితే అది వాళ్ల పరిధిలోది కాదు.

నా దృష్టిలో అసలు విషయం ఇక్కడే ఉంది. ఇవాళ మన పేరు ఎవడైనా ఎత్తుకెళ్తే పేపర్ పెట్టడానికి ఎత్తుకెళ్తున్నాడా? న్యూస్‌ప్రింట్ ధర, ప్రెస్ బిల్లు, ఏజెంట్ల బాకీలు ఇవన్నీ నెత్తినేసుకునే దొంగ ఎవడుంటాడు! పేరు చివర టీవీ అనో న్యూస్ అనో తగిలించి యూట్యూబ్ చానల్ పెడతాడు. ఉప్పల్ వైపు వారపత్రిక నడిపే మిత్రుడికి ఇదే జరిగింది. ఇతని మాస్ట్‌హెడ్‌లోని, అంటే మొదటి పేజీ పైన పేపర్ పేరు రాసే చోటి, ఎర్ర అక్షరాలనే మైక్ మీద డబ్బాకు అతికించుకుని ఒకడు తిరుగుతున్నాడు. మనవాడికి ఆ సంగతి తెలిసింది ఒక బిల్డర్ ఫోన్ చేసి "మీ అబ్బాయి వచ్చి సెల్లార్ ఫోటోలు తీసి పదివేలు అడుగుతున్నాడు సార్, ఇదేం పద్ధతి" అని నిలదీసినప్పుడు. ఎన్నో ఏళ్లు కష్టపడి సంపాదించుకున్న పేరు కాస్తా ఒక్క ఫోన్ కాల్‌తో బజారున పడింది. టైటిల్ సర్టిఫికెట్ పట్టుకుని ఎక్కడికెళ్లాలి? 2023 చట్టం యూట్యూబ్ చానళ్ల జోలికి వెళ్లదు. ఫేస్‌బుక్, యూట్యూబ్ ట్రేడ్‌మార్క్ ఫిర్యాదు ఫారాలు తెరిస్తే అక్కడ అడిగేది ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రేషన్ వివరాలు, పీఆర్‌జీఐ నంబరు కాదు.

అందుకే నేను ట్రేడ్‌మార్క్ వైపే మొగ్గుతాను. 1999 ట్రేడ్‌మార్క్ చట్టం కింద సరుకులను, సేవలను క్లాసులుగా విడగొట్టారు, 16వ క్లాస్‌లో అచ్చు పత్రికలు వస్తాయి, ఆన్‌లైన్‌లో వార్తలు ఇవ్వడం 41లోకి వస్తుంది. కొందరు ఏజెంట్లు 38 కూడా వేయమంటారు, ఆ క్లాస్ ప్రసారాలకు సంబంధించింది. మీకు వీడియో చానల్ ఉంటేనే దాని గురించి ఆలోచించండి. ఒక్క 16 వేసి వదిలేస్తే మాత్రం రేపు యూట్యూబ్ వాడు "నాది పేపర్ కాదు కదా" అంటే వాడితో వాదన పెట్టుకోవాల్సి వస్తుంది. వ్యక్తి పేరు మీదగానీ ఉద్యమ్ సర్టిఫికెట్ (చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే రిజిస్ట్రేషన్) ఉన్న చిన్న సంస్థ పేరు మీదగానీ ఆన్‌లైన్‌లో వేస్తే క్లాసుకు 4,500 రూపాయలు, మిగతావాళ్లకు 9,000. రెండు క్లాసులకు తొమ్మిది వేలు, ఏజెంట్ ఫీజు వేరే. పదేళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత రెన్యువల్. మన రెండు రాష్ట్రాలూ చెన్నై రిజిస్ట్రీ కిందికి వస్తాయి కానీ రైలెక్కే పని లేదు. ఇంకో సౌకర్యం ఏంటంటే రిజిస్టరైన మార్కును ఎవరైనా కాపీ కొడితే మీరు వ్యాపారం చేస్తున్న ఊళ్లోనే దావా వేయొచ్చు, అవతలివాడు వైజాగ్‌లో ఉన్నా సరే.

ఇన్ని చెప్పాక లొసుగులూ చెప్పాలి. మన పేపర్ల పేర్లు చూడండి: ప్రజా, జన, తెలంగాణ, వార్త, సమాచారం, ఎక్స్‌ప్రెస్. ఇవే నాలుగు మాటలు అటు తిప్పి ఇటు తిప్పి పెట్టుకుంటున్నాం. అమ్మే సరుకునో ఊరినో చెప్పే పేరుకు 9వ సెక్షన్ కింద అభ్యంతరం రావడం ఖాయం. దరఖాస్తును పరిశీలించి రిజిస్ట్రీ పంపే ఎగ్జామినేషన్ రిపోర్ట్ అందిన 30 రోజుల్లో జవాబివ్వకపోతే దరఖాస్తు వదిలేసుకున్నట్టే లెక్క. ఏజెంట్ మెయిల్‌కు వచ్చింది నాకు తెలియదు అంటే కుదరదు, మీ మెయిల్ కూడా ఇవ్వండి. చాలాకాలంగా నడుస్తూ జనంలో ఆ పేరు అంటే మీ పేపరే అనే గుర్తింపు ఉంటే ఈ అభ్యంతరం దాటొచ్చు, దానికి పాత సంచికలు, ప్రెస్ బిల్లులు, యాడ్ ఇన్‌వాయిస్‌లు కావాలి. కొందరు తెలివిగా మాస్ట్‌హెడ్ బొమ్మను లోగోగా రిజిస్టర్ చేయించేస్తారు. సులువే, కాదనను. కానీ అప్పుడు మీకు దక్కేది ప్రధానంగా ఆ రూపం, లోపలి మామూలు మాటల మీద ఏకహక్కు రాదు. వాడు అవే మాటలు ఇంకో ఫాంట్‌లో రాసుకుంటే మీ కేసు సగం నీరుగారిపోతుంది.

దరఖాస్తుకు ముందు అదే పేరు ఇంకెవరైనా తీసుకున్నారేమో ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో వెతకడం కూడా మనవాళ్లు సరిగా చేయరు. తెలుగు పేరును ఇంగ్లీషులో ఒకరు ఒకలా రాస్తారు. పత్రికలోని త‌కు ఒకరు ఒట్టి టీ పెడతారు, ఇంకొకరు టీహెచ్ పెడతారు. ఒక స్పెల్లింగ్‌తో వెతికి ఎవరూ లేరని సంబరపడితే మీ దరఖాస్తును రిజిస్ట్రీ తన జర్నల్‌లో ప్రచురించాక నాలుగు నెలల గడువులో రెండో స్పెల్లింగ్ వాడు వచ్చి అభ్యంతరం వేస్తాడు. అన్ని రకాలుగా కొట్టి చూడండి, పలికే తీరును బట్టి వెతికే ఫొనెటిక్ సెర్చ్ కూడా ఉంది.

మరి రిజిస్టర్ చేయించనివాళ్ల గతి? వాళ్లకు పాసింగ్ ఆఫ్ దావా ఉంది, అంటే మన పేరును వాడి తన సరుకు మనదే అన్నట్టు జనాన్ని నమ్మిస్తున్నాడని వేసే దావా. మన ఊరి కేసే ఉంది కదా, ఈనాడు పేరుతో బెంగళూరు సంస్థ ఒకటి అగరుబత్తులు అమ్మితే హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టులో మొదలైన గొడవ హైకోర్టు మీదుగా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఈనాడు అనేది మామూలు మాటే అయినా ఆంధ్రప్రదేశ్‌లో అది ఆ పత్రికకే గుర్తుగా స్థిరపడిపోయిందని, రాష్ట్రంలో ఆ పేరుతో అగరుబత్తులు అమ్మొద్దని 2011 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ తీర్పు చూపించి "రిజిస్ట్రేషన్ లేకున్నా గెలవొచ్చు" అనేవాళ్లుంటారు. గెలవొచ్చు, 1974 నుంచి ఇంటింటికీ వెళ్తున్న పేపరైతే. నాలుగైదు డివిజన్లలో రెండు వేల కాపీలు వేసే పత్రికకు అంత పేరుందని కోర్టులో ఎలా రుజువు చేస్తాం? ఆ తీర్పు కూడా ఆ రాష్ట్రం వరకే పరిమితమైంది. అయితే ఒక మాట. మీకంటే తర్వాత వచ్చినవాడు మీ పేరును ముందుగా రిజిస్టర్ చేయించుకున్నా, అంతకుముందు నుంచీ వాడుతున్న మిమ్మల్ని 34వ సెక్షన్ ప్రకారం ఆపలేడు. ఎప్పటి నుంచి వాడుతున్నారో రుజువుగా ఉంటుంది కాబట్టి మొదటి సంచికను పారేయకండి అని నేను మొత్తుకునేది అందుకే.

కాపీరైట్ అంటారా, పేరుకు కాపీరైట్ ఉండదని 2015లో సుప్రీంకోర్టు తేల్చేసింది. కంపెనీ పేరు, డొమైన్ పేరు తీసుకోండి, మంచిదే, వాటితో పేరు మీద హక్కు వస్తుందని మాత్రం అనుకోకండి.

పేపర్ మధ్యలో ఆగిపోతే ఏమవుతుందని కూడా అడుగుతున్నారు. అచ్చు నిలిపేస్తే పీఆర్‌జీఐ రిజిస్ట్రేషన్‌కే ఎసరు. ట్రేడ్‌మార్క్ కొంచెం ఓపిక పడుతుంది, రిజిస్టరైనప్పటి నుంచి ఐదేళ్లకు పైగా వరుసగా వాడకపోతేనే దాన్ని తీసేయమని ఎవరైనా అడగగలరు. ఆంధ్రజ్యోతి 2000లో ఆగి 2002లో మళ్లీ వచ్చింది, ఆ రెండేళ్లలో ఆ పేరు విలువ ఎక్కడికీ పోలేదు. చేతిలో డబ్బులాడక ఏడాదో రెండేళ్లో ఆపేసే చిన్న పేపర్లకు ఈ తేడా పెద్దదే.

దరఖాస్తు వేస్తే పేరు పక్కన టీఎం పెట్టుకోండి. సున్నాలో ఆర్ గుర్తు మాత్రం సర్టిఫికెట్ వచ్చేదాకా వద్దు, రిజిస్టర్ కాకుండా అయిందని చూపించడం నేరం. ఇంకొకటి, పీఆర్‌జీఐ రికార్డులో ఓనర్‌గా ఎవరున్నారో ట్రేడ్‌మార్క్ దరఖాస్తు కూడా వాళ్ల పేరు మీదే వేయండి. టైటిల్ బావ పేరు మీద, మార్క్ బామ్మర్ది పేరు మీద ఉన్న పేపర్లు నాకు తెలుసు, ఇద్దరికీ చెడితే ఏ పేపరూ మిగలదు. పేపర్ కొనుక్కుంటున్నవాళ్లయితే టైటిల్ బదిలీతో సరిపెట్టుకోకుండా మార్క్ బదిలీ పత్రం కూడా రాయించుకుని, అది రిజిస్ట్రీ రికార్డుల్లోకి ఎక్కాకే మిగతా డబ్బు ఇవ్వండి.