లోహపు అద్దమా, అయస్కాంత అద్దమా?

రెండూ కాంతిని వెనక్కి పంపుతాయి. తేడా అంతా ఉపరితలం దగ్గరే. వెండి పూత ఉన్న అద్దం మీద పడిన తరంగం తలకిందులై వెనక్కి వస్తుంది. వచ్చేదీ పోయేదీ ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడంతో అక్కడ విద్యుత్ క్షేత్రం దాదాపు సున్నా. ఒక అణువును అద్దానికే అంటిస్తే దానికి కాంతి సరిగా అందదు. తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు పైకి జరపాలి.

అయస్కాంత అద్దంలో తరంగం తలకిందులు కాదు. అందుకే సరిగ్గా ఉపరితలం మీదే క్షేత్రం గరిష్ఠంగా ఉంటుంది. పేరు అలా ఉన్నా, ఇందులో అయస్కాంతం ముక్క కూడా ఉండదు! 2014లో అమెరికాలోని శాండియా ల్యాబ్ పరిశోధకులు లోహం లేకుండా, టెల్లూరియం అనే మూలకంతో చేసిన సూక్ష్మ ఘనాల వరుసలతో పరారుణ కాంతికి దీన్ని చేసి చూపించారు.

ఇది కొద్దిపాటి తరంగదైర్ఘ్యాలకే పనిచేస్తుంది, లోహపుది చాలావాటికి. అయినా పల్చటి అణువుల పొరను పసిగట్టే సెన్సర్‌కైతే నా ఓటు దీనికే.